ఎలిమెంట్ మార్చినా సెగ మారకూడదు

ఈ మధ్య ఒక మిత్రుడు ఫోన్ చేసి, వాళ్లింట్లో పాలు రోజూ అడుగంటుతున్నాయని చెప్పాడు. ఒహాయోలో 1950ల నాటి ఇల్లు కొన్నాడు. ఇంటితో పాటు దాదాపు అదే వయసున్న ఎలక్ట్రిక్ స్టవ్ కూడా వచ్చింది. పైన నాలుగు బర్నర్లు, కింద అవెన్, వెనక ప్యానెల్ మీద ఒక్కో బర్నర్‌కి ఒక్కో వరస బటన్లు. ఒక బర్నర్ సరిగా వేడెక్కడం లేదని, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎనిమిదంగుళాల మామూలు ఎలిమెంట్, అంటే బర్నర్‌లో కరెంటుతో వేడెక్కే చుట్ట, తెచ్చాడు. దానికి పాత స్విచ్ కుదరదని అన్నారట. బటన్లు తీయించేసి, చేత్తో తిప్పే కొత్త స్విచ్ పెట్టించాడు. ఇప్పుడు బర్నర్ ఎర్రగా కాలుతోంది, నీళ్లు చకచకా మరుగుతున్నాయి. పాలూ నెయ్యీ మాత్రం కుదరడం లేదు. "వేడి వేడే కదా, ఎలిమెంట్ ఏదైతే ఏంటి?" అన్నాడు.

ఈ మాట ఇంతకు ముందు చాలామంది దగ్గర విన్నాను. స్టవ్‌లు బాగుచేసేవాళ్లు కూడా అంటారు. నేను ఒప్పుకోను. ఈ పాత స్టవ్‌లలో ఎలిమెంటూ స్విచ్చూ ఒక జత. ఒకదాన్ని చూసే రెండోదాన్ని తయారు చేశారు. ఎలిమెంట్ మార్చాల్సి వస్తే అలాంటిదే వెతికి పెట్టాలి, ఆలస్యమైనా సరే. దొరికిందేదో పెట్టేస్తే స్టవ్ పనిచేస్తుంది గానీ, దాని సన్న సెగ పోతుంది. నా దృష్టిలో ఆ స్టవ్‌ను దాచుకోవడానికి అసలు కారణమే ఆ సన్న సెగ.

## ఐదు బటన్ల వెనక లెక్క

అమెరికా ఇళ్లకు వచ్చే కరెంటులో రెండు లైవ్ వైర్లు, ఒక న్యూట్రల్ ఉంటాయి. రెండు లైవ్‌ల మధ్య 240 వోల్టులు. ఏదో ఒక లైవ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120. ఆ రోజుల్లో జనరల్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీల ఇంజినీర్లు ఈ వీలును చక్కగా వాడుకున్నారు. ఒక్కో బర్నర్ ఎలిమెంట్‌లో రెండేసి కాయిల్స్ పెట్టారు. రెండు కాయిల్స్, రెండు వోల్టేజీలు ఉన్నాయి కాబట్టి, వాటిని రకరకాలుగా కలపడమే స్విచ్ పని.

మా ఇంట్లో ఉన్నదీ ఇలాంటిదే. పెద్ద బర్నర్ 2600 వాట్లు. రెండు కాయిల్స్ సమానం అనుకుని లెక్క వేద్దాం. మొదటి బటన్ నొక్కితే రెండూ 240 మీద పనిచేస్తాయి, పూర్తి 2600 వస్తుంది. రెండో బటన్‌కి ఒక్క కాయిలే, 240 మీద, 1300. మూడోదానికి రెండూ 120 మీద. వోల్టేజీ సగమైతే వాట్లు పావువంతు అవుతాయి కాబట్టి 650. నాలుగోదానికి ఒక్క కాయిల్ 120 మీద, 325. చివరి బటన్‌కి రెండు కాయిల్స్‌నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపి 120 ఇస్తారు, 160 వాట్ల చిల్లర వస్తుంది. ఒక్కో మెట్టు దిగితే వేడి సరిగ్గా సగమవుతుంది. కొన్ని మోడల్స్‌లో కాయిల్స్ సమానంగా ఉండవు, అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. పద్ధతి మాత్రం ఇదే.

ఇందులో ముఖ్యమైన సంగతి, ఆ 160 వాట్లూ ఆగకుండా వస్తూనే ఉంటాయి. కాయిల్ ఎర్రబడదు. చెయ్యి దగ్గర పెడితే తప్ప వెలుగుతోందని తెలియదు. గ్యాస్ మీద సిమ్‌లో పెట్టి వండడం అలవాటైనవాళ్లకి ఎలక్ట్రిక్ స్టవ్ మీద దొరకనిది ఇదే. నెయ్యి కాచేటప్పుడు నేను నాలుగో బటన్ మీద మొదలుపెడతాను. వెన్న కరిగి, నురగ పైకి తేలి, చిటపటలు సన్నబడేదాకా దాని మీదే ఉంచుతాను. తర్వాత చివరి బటన్. అక్కడి నుంచి తొందర లేదు. అడుగున తేరిన గసి మెల్లగా గోధుమరంగుకి తిరుగుతుంది, మునగాకు వేస్తే కరకరలాడుతుంది, మాడు వాసన రాదు. గరిటె పట్టుకుని టెన్షన్‌గా నిలబడక్కర్లేదు.

## కొత్త స్విచ్ చేసేదేంటి

మా మిత్రుడు పెట్టించిన తిప్పే స్విచ్‌ని ఇన్ఫినిట్ స్విచ్ అంటారు. ఇప్పుడు అమ్మే కాయిల్ స్టవ్‌లు చాలావరకు దీని మీదే నడుస్తాయి. లోపల రెండు రకాల లోహాలు అతికించిన ఒక పట్టీ ఉంటుంది. కరెంటు పారుతున్నంతసేపూ వేడెక్కి వంగుతుంది, కాంటాక్ట్ విడిపోతుంది. చల్లారగానే మళ్లీ అంటుకుంటుంది. నాబ్ ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి, ఎంతసేపు అంటుకుని ఉండాలో మారుతుంది, అంతే. ఎలిమెంట్‌కి వెళ్లేది ఎప్పుడూ 240 వోల్టులే. నాబ్‌ను అన్నిటికన్నా తక్కువలో పెట్టినా, వచ్చిన ఆ కాసేపూ 2600 వాట్లూ వస్తాయి. తర్వాత సున్నా. మళ్లీ 2600.

సగటు తీస్తే రెండిటికీ తేడా లేదు. ఈ వాదన నాతో చాలామంది చేశారు, లెక్కప్రకారం అది నిజమే. అడుగు దళసరిగా ఉన్న గిన్నె పెడితే వంటలో కూడా తేడా పెద్దగా తెలియదు. ఇనప మూకుడు ఈ ఎగుడుదిగుళ్లన్నీ తనలో సర్దేసుకుంటుంది. తేడా తెలిసేది పల్చటి స్టీలు గిన్నెలో. మనం పాలు కాచేది అందులోనే. కాయిల్ ఎర్రబడ్డ ఆ కొన్ని క్షణాల్లోనే, చుట్ట తగిలిన మేర పాలు అడుగున పట్టేస్తాయి. గిన్నె కడిగేటప్పుడు చూడండి, మాడిన మరక కాయిల్ ఆకారంలోనే ఉంటుంది. ముద్దపప్పు, పాయసం, పచ్చిపులుపు పోయేదాకా ఉడకాల్సిన చింతపండు గుజ్జు, అన్నిటి గొడవా ఇదే.

రాచిప్ప సంగతి ఇంకా కష్టం. ఊరి నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న రాచిప్పలు ఇక్కడ అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లల్లో చాలానే ఉన్నాయి. రాయి ఒక్కసారిగా వేడెక్కితే బీటలు తీస్తుంది. దానికి మెల్లగా ఎక్కే సెగ కావాలి. పాత స్టవ్ మీద చివరి బటన్‌తో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ మూడోదాని దాకా వెళ్తాను. పులుసు దానంతటదే ఉడుకు పడుతుంది.

## ఏ బటన్ పనిచేయడం లేదో అడగండి

పాత బర్నర్ పాడైతే స్విచ్ పోయిందని తేల్చేయడం చాలా మామూలు. మా ఇంటికి వచ్చిన రిపేరు మనిషి కూడా అదే తేల్చాడు. కొన్ని బటన్లు పనిచేస్తున్నాయి, కొన్ని చేయడం లేదు, కాబట్టి బటన్ల దగ్గరే లోపం అన్నాడు. ఆ స్విచ్ ఇప్పుడు దొరకదు, స్టవ్ తీసేయండి అన్నాడు. స్టవ్‌ను గోడ దగ్గర్నుంచి కదిపి చూడలేదు, మీటర్ బయటికి తీయలేదు.

నేను కాగితం మీద రాసుకున్నాను. మొదటి బటన్‌కి బర్నర్ వేడెక్కుతోంది గానీ, మధ్య చుట్ట మాత్రమే ఎర్రబడుతోంది. రెండోది, నాలుగోది ఎప్పటిలాగే ఉన్నాయి. మూడోది నీరసంగా ఉంది. చివరిది పూర్తిగా చల్లన. పైన చెప్పిన లెక్కతో పోల్చి చూస్తే ఈ లక్షణాలన్నీ ఒక్క కారణంతో సరిపోతాయి. బయటి కాయిల్ తెగింది. రెండు కాయిల్స్ కావాల్సిన చోట సగమే వస్తోంది. మధ్య కాయిల్ ఒక్కటే చాలిన చోట ఏ మార్పూ లేదు. సిరీస్‌లో రెండూ కలవాల్సిన చోట ఒకటి తెగితే కరెంటు దారే లేదు, అందుకే చివరి బటన్ చల్లగా ఉంది.

బ్రేకర్ ఆపి, ఎలిమెంట్ పైకెత్తి, వైర్లు తగిలించే మూడు టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెడితే అదే తేలింది. ఒకటి రెండిటికీ ఉమ్మడి, మిగతా రెండూ ఒక్కో కాయిల్‌వి. ఉమ్మడి టెర్మినల్ నుంచి మధ్య కాయిల్‌కి సుమారు 44 ఓమ్‌లు చూపించింది. 240 వోల్టుల మీద 1300 వాట్లు రావాలంటే ఉండాల్సింది కూడా అంతే. బయటి కాయిల్‌కి ఏమీ చూపించలేదు. స్విచ్ నిక్షేపంగా ఉంది.

ఎప్పుడో చదివిన భౌతికశాస్త్రం పాఠం, ఒక చవక మీటర్, ఒక స్క్రూడ్రైవర్. వీటితో లోపం దొరికే యంత్రం ఇది. వెనక రేకు విప్పితే వైరింగ్ బొమ్మ కూడా లోపలే అతికించి ఉంది, రంగులు వెలిసినా చదవొచ్చు. దీన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు విప్పుతారని అనుకునే తయారుచేశారు. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, వంద డాలర్లు అంతకు పైబడిన ఎలక్ట్రానిక్ వస్తువులకీ గృహోపకరణాలకీ, ఆ మోడల్ తయారీ ఆగాక ఏడేళ్లపాటు విడిభాగాలూ మాన్యువల్సూ అందుబాటులో ఉంచాలి. మంచి చట్టం, అన్నిచోట్లా రావాలి. కానీ విప్పితే అర్థమయ్యేలా తయారుచేయమని ఆ చట్టం చెప్పదు. నేను ఈ స్టవ్‌ను గౌరవించేది అందుకు.

## అలాంటిదే ఎక్కడ దొరుకుతుంది

ఎలిమెంట్ లోపల ఏముంటుందో మనకు కొత్తేమీ కాదు. బకెట్లో వేసే వాటర్ హీటర్ రాడ్ లోపలా ఇదే. మధ్యలో నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ తీగ, చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన లోహపు గొట్టం. 1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన ఆ మిశ్రలోహమే లేకపోతే ఈ హీటర్లూ టోస్టర్లూ ఏవీ ఇలా ఉండేవి కావు. ఎర్రగా కాలినా తుప్పు పట్టి రాలిపోని తీగ అది. గొట్టంలోని పొడి వేడిని బయటికి పంపుతుంది, కరెంటును పంపదు. గీజర్ ఎలిమెంట్ కోసం కోఠి ట్రూప్ బజార్‌లో తిరిగినవాళ్లకి తెలుసు, చేత్తో పట్టుకెళ్లిన పాతదాన్ని కౌంటర్ మీద పెడితే షాపతను వాట్లు, బిగించే ఫ్లాంజ్, పొడవు చూసి జత తీసి ఇస్తాడు. ఇక్కడా పద్ధతి అదే, కాకపోతే షాపు దొరకదు. పాత స్టవ్‌లు విప్పి భాగాలు అమ్మేవాళ్లు కొందరున్నారు. డబ్బా విప్పకుండా ఏ గోడౌన్‌లోనో మిగిలిపోయిన పాత స్టాకు అప్పుడప్పుడు ఈబేలో కనిపిస్తుంది.

కొనేముందు చూడాల్సింది టెర్మినల్స్ సంఖ్య. రెండే ఉంటే అందులో ఒక్క కాయిలే ఉన్నట్టు, అది మన బర్నర్‌ది కాదు, ఫొటోలో ఎంత అచ్చంగా కనిపించినా సరే. తర్వాత వాట్లు, బిగించే పద్ధతి. పాత ఎలిమెంట్ మీద 236 వోల్టులని కొట్టి ఉంటే కంగారు పడక్కర్లేదు. 240 మీద అది మూడు శాతం చిల్లర ఎక్కువ వేడి ఇస్తుంది, అంతే.

కొత్తగా కనిపించే పాత స్టాకుతో ఒక చిక్కుంది. మెగ్నీషియం ఆక్సైడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. దశాబ్దాలు అటక మీద పడి ఉన్న ఎలిమెంట్‌కి కాయిల్ బాగానే ఉన్నా, లోపలి తడి వల్ల కరెంటు గొట్టానికి లీక్ కావచ్చు. మామూలు మల్టీమీటర్‌కి ఇది ఒక్కోసారి దొరకదు. 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్ కావాలి. తడి ఉంటే అవెన్‌లో నీళ్లు మరిగే వేడికి కాస్త పైన కొన్ని గంటలు ఉంచి మళ్లీ కొలవాలి. ఆరాక కూడా లీక్ చూపిస్తే పక్కన పెట్టేయాల్సిందే.

బిగించేటప్పుడు ఎలిమెంట్ కన్నా వైర్ల దగ్గర ఎక్కువసేపు పట్టింది. ఎలిమెంట్ కాళ్ల దగ్గర వైరు పైనున్న గుడ్డ అల్లిక వేలితో తాకితే పొడిగా రాలుతుంది. లోపలి రాగి నల్లబడి ఉంటుంది. నల్లటి రాగికి కొత్త క్లిప్పు బిగిస్తే అక్కడ వేడెక్కి కొన్నాళ్లకే కాలిపోతుంది. మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించాలి, పొడవు చాలకపోతే వైరే మార్చాలి. 450 డిగ్రీల సెల్సియస్ తట్టుకునే మైకా, గ్లాసు పూతల వైరు దొరుకుతుంది, దాన్నే ఎంజీ వైరు అంటారు. టెర్మినల్స్ నికెల్ పూత ఉన్నవి వాడాలి. ప్లాస్టిక్ తొడుగున్న మామూలు క్లిప్పులు ఇక్కడ నిలవవు.

ఆ కాలపు వైరు అల్లికలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. ఈ ఒక్క విషయంలో ఎవరేమన్నా జాగ్రత్త తగ్గించకండి. పొడిగా ఉన్నప్పుడు లాగొద్దు, గోకొద్దు. నీళ్లు చిలకరించి తడిపి, సరైన మాస్కు పెట్టుకుని తీయాలి. మామూలు వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి రానివ్వొద్దు.

## నన్ను ఆలోచనలో పడేసిన అభ్యంతరాలు

ఇండక్షన్ పెట్టుకోమనేవాళ్లు ఉన్నారు. మామూలు ఎలక్ట్రిక్ కన్నా ఇండక్షన్ సామర్థ్యం ఐదు నుంచి పది శాతం ఎక్కువని అమెరికా ప్రభుత్వ విద్యుత్ పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ చెబుతుంది. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకి నేనూ అదే చెబుతాను. కానీ ఆ తేడా కోసం పనిచేసే స్టవ్‌ను తుక్కుకి వేయమంటే నాకు సబబుగా లేదు. పైగా ఇత్తడి గిన్నె, అల్యూమినియం కుక్కర్, రాచిప్ప దాని మీద పనిచేయవు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అమెరికా ఇళ్లల్లో జరిగే అగ్నిప్రమాదాలకు వంటే మొదటి కారణం. ఇప్పటి కాయిల్ స్టవ్‌లలో ఎలిమెంట్ మధ్యన సెన్సర్ పెడుతున్నారు. గిన్నె అడుగు మరీ వేడెక్కితే, నూనె అంటుకునే లోపే కరెంటు ఆపేస్తుంది. మా స్టవ్‌లో అలాంటిదేమీ లేదు. మూకుట్లో నూనె పెట్టి ఫోన్ మాట్లాడుతూ పక్క గదిలోకి వెళ్తే దాన్ని ఆపేవాళ్లు లేరు. ఇంట్లో మతిమరుపున్న పెద్దవాళ్లు ఉంటే, చేతికందినదల్లా నొక్కే పిల్లలుంటే, ఈ స్టవ్ వద్దనే అంటాను. సన్న సెగ బాగుంటుందన్నది దానికి సమాధానం కాదు.

మూడోది నా వాదన మీదికే నేరుగా వస్తుంది. పాత ఇళ్లల్లో స్టవ్‌కి వచ్చేవి మూడే వైర్లు. విడిగా ఎర్త్ లేదు. స్టవ్ రేకును న్యూట్రల్‌కే కలిపేవారు. 1996 నుంచి అమెరికా జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ కొత్త సర్క్యూట్లకు నాలుగు వైర్లు తప్పనిసరి చేసింది గానీ, పాతవాటిని అలాగే ఉండనిచ్చింది. మూడు వైర్ల స్టవ్‌కి న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే, స్టవ్ రేకుకే 120 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. నేను పొగుడుతున్న ఆ మూడో బటన్, నాలుగో బటన్, చివరి బటన్ పనిచేసేదే న్యూట్రల్ మీద. బర్నర్ కరెంటంతా దాని గుండానే తిరిగి వెళ్తుంది. ఇన్ఫినిట్ స్విచ్ పెడితే బర్నర్లు రెండు లైవ్‌ల మధ్యే నడుస్తాయి, న్యూట్రల్‌తో వాటికి పనే ఉండదు. ఆ మేరకు మా మిత్రుడు చేయించిన పనిలోనే భద్రత ఎక్కువ. ఇది తెలిశాక నేను చాలా రోజులు తటపటాయించాను.

చివరికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఇంటి కరెంటు బ్రేకర్లుండే ప్యానెల్ నుంచి వంటింటికి నాలుగు వైర్ల కొత్త సర్క్యూట్ లాగించాను. స్టవ్ వెనక రేకునీ న్యూట్రల్‌నీ కలిపే పట్టీ తీయించి, రేకును విడిగా ఎర్త్‌కి కలిపించాను. ఎలిమెంట్‌కి అయిన ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు. గోడకి ఒకచోట కన్నం పెట్టాల్సి వచ్చింది. ఆ ఖర్చు పెట్టలేని పరిస్థితి ఉంటే, పాత పద్ధతి ఎలిమెంట్ కోసం పట్టుబట్టడం నేనూ సమర్థించను. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకైతే ఈ ప్రశ్నే రాదు.

ఇంకో జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. పాత స్విచ్‌లలో కొన్ని ఆఫ్ చేసినప్పుడు ఒక్క వైరునే తెంచుతాయి. బటన్ ఆఫ్‌లో ఉన్నా ఎలిమెంట్ టెర్మినల్ దగ్గర లైవ్ ఉండొచ్చు. ఎలిమెంట్ ముట్టుకునేముందు ఇంటి ప్యానెల్‌లో జంట బ్రేకర్ ఆపి, రెండు లైవ్‌లూ చచ్చాయని మీటర్‌తో చూసుకోవాలి.

## మరి స్విచ్చే పోతే

ఎప్పటికైనా ఆ రోజు వస్తుంది. కాంటాక్టులు నల్లబడితే శుభ్రం చేయొచ్చు. పూర్తిగా కాలి అరిగిపోతే, దానికి జత స్విచ్ దొరకడం ఎలిమెంట్ కన్నా చాలా కష్టం. అప్పుడు ఇన్ఫినిట్ స్విచ్, రెండు టెర్మినల్స్ ఎలిమెంట్ పెట్టుకోవడం తప్ప దారి లేదు, దాన్ని తప్పుపట్టను. కానీ నాలుగు బర్నర్లూ ఒకేసారి మార్చక్కర్లేదు. నీళ్లు కాచుకునే, వేపుళ్లు చేసుకునే ముందు బర్నర్‌కి కొత్త స్విచ్ ఏమాత్రం అడ్డు కాదు. మా మిత్రుడికీ ఇదే చెప్పాను. అతను మార్పించింది ముందు వైపు ఒక్కటే, వెనకవి మూడూ ఇంకా బటన్ల మీదే ఉన్నాయి. అతని సర్క్యూట్ కూడా మూడు వైర్లదే, ముందు దాన్ని మార్పించమన్నాను. అది అయ్యాక, పాల గిన్నెను వెనక్కి జరిపి చివరి బటన్ నొక్కమన్నాను. ఊడదీసిన పాత స్విచ్‌ని మాత్రం పారేయొద్దన్నాను, మిగతా మూడింట్లో ఏది పోయినా అందులో కాంటాక్టులు పనికొస్తాయి.